ఫైలు అనుమతులు – యూనిక్స్ తరహా వ్యవస్థల్లో స్క్రిప్టును నడపడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఒక ఫైలు ఎవరిది, దానితో ఎవరు ఏం చేయవచ్చు అన్నది తెర మీద చూసి చెప్పగలుగుతారు;
• అనుమతులను అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాయగలుగుతారు;
• స్క్రిప్టు నడవనప్పుడు కారణం ఎక్కడుందో వరుసగా వెతకగలుగుతారు;
• 777 అనే అనుమతి ఎందుకు ప్రమాదకరమో వివరించగలుగుతారు.

గమనిక: ఈ పాఠంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ఉదాహరణకు సీహెచ్‌మోడ్ అంటే సి, హెచ్, ఎం, ఓ, డి అనే అయిదు అక్షరాలను మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

1. పరిచయం

గుంటూరు మిర్చి యార్డు గురించి తెలియనివారు మన ప్రాంతంలో ఉండరు. సీజనులో టిక్కీలు వచ్చి పడతాయి, కాటా అవుతుంది, ధర కుదురుతుంది, చివరికి రైతు చేతికి పట్టీ వస్తుంది. ఏడాది కష్టమంతా ఆ చిన్న కాగితం మీద ఒక్క అంకెగా తేలుతుంది. ఆ అంకె తప్పితే రైతుకు జరిగే నష్టం ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి అలాంటి ఒక దుకాణంలో లెక్కలు చూసేవాడు. అక్కడి కంప్యూటరులో లైనక్స్ ఉండేది. పట్టీ లెక్క కోసం అతను చిన్న స్క్రిప్టు రాసుకున్నాడు. టిక్కీల సంఖ్య, మొత్తం తూకం, క్వింటా ధర ఇస్తే చాలు; సంచి బరువు తీసేసి రావలసిన సొమ్ము చెబుతుంది. తను నడిపితే బాగానే నడిచింది. మిగతా గుమాస్తాలు నడపబోతే తెర మీద ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చింది. అతను నాకు ఫోను చేశాడు.

‘సార్, యార్డులో రద్దీగా ఉంది, త్వరగా ఏదైనా చెప్పండి’ అన్నాడు. ‘ఇప్పటికి సీహెచ్‌మోడ్ 777 కొట్టు, తరవాత తీరిగ్గా చూద్దాం’ అన్నాను. కొట్టాడు, నడిచింది. ఆ ‘తరవాత’ ఎప్పుడూ రాలేదు. ఏం వచ్చిందో ఆరో విభాగంలో చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు అనుమతుల సంగతి తెలియాలి.

2. కొద్దిగా చరిత్ర

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని ముఖ్య నిర్మాతలు. ఒకే యంత్రాన్ని అనేకమంది పంచుకునే రోజులవి. ఒకరి పనిని మరొకరు పాడు చేయకుండా చూడవలసిన అవసరం మొదటి నుంచీ ఉంది. అందుకే 1971 నవంబరు నాటి మొదటి వాడుక గ్రంథంలోనే సీహెచ్‌మోడ్ ఆదేశం కనిపిస్తుంది.

అయితే అప్పటి ఏర్పాటు నేటిలా లేదు. చదవడం, రాయడం అనే అనుమతులు యజమానికి వేరుగా, యజమాని కానివారికి వేరుగా ఉండేవి. నడిపే అనుమతి మాత్రం ఫైలు మొత్తానికి ఒక్కటే. ‘సమూహం’ అనే మధ్య వర్గం ఆ తరవాతి సంవత్సరాల్లో చేరింది. యజమాని, సమూహం, ఇతరులు అనే నేటి మూడు వర్గాల పద్ధతి అలా స్థిరపడింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ ఈ పద్ధతినే తీసుకుంది. సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లైనక్స్‌లోనూ ఇదే ఉంటుంది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకూ లైనక్సే పునాది. అందులో ఒక్కొక్క ఆప్‌కు ఒక్కొక్క వాడుకరి సంఖ్య ఇచ్చి, ఒకదాని ఫైళ్ళను మరొకటి ముట్టుకోకుండా చూస్తారు.

3. ఎవరికి? ఏమిటి?

ప్రతి ఫైలు విషయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది ‘ఎవరికి?’ అన్నది. దీనికి మూడు సమాధానాలున్నాయి.

(అ) యజమాని: మామూలుగా ఫైలును సృష్టించిన వాడుకరి.
(ఆ) సమూహం: ఒక పేరు కింద చేర్చిన కొందరు వాడుకరులు. మన ఉదాహరణలో ‘గుమాస్తాలు’.
(ఇ) ఇతరులు: ఆ కంప్యూటరులో ఖాతా ఉన్న మిగతా అందరూ.

రెండో ప్రశ్న ‘ఏమిటి?’ అన్నది. దీనికీ మూడు సమాధానాలే.

(అ) చదవడం – ఆర్ అక్షరం. లోపల ఉన్నది చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు.
(ఆ) రాయడం – డబ్ల్యు అక్షరం. లోపల ఉన్నదాన్ని మార్చవచ్చు.
(ఇ) నడపడం – ఎక్స్ అక్షరం. ఆ ఫైలును ఒక ప్రోగ్రాముగా నడపమని వ్యవస్థను అడగవచ్చు.

ముగ్గురికి మూడేసి చొప్పున మొత్తం తొమ్మిది అనుమతులు. ఎల్‌ఎస్ -ఎల్ అనే ఆదేశం ఇస్తే ఇవి ఇలా కనిపిస్తాయి:

- | ఆర్ డబ్ల్యు - | ఆర్ - - | ఆర్ - - | 1 | లెక్కలు | గుమాస్తాలు | 412 | పట్టీ

(నిలువు గీతలు మన సౌకర్యం కోసం పెట్టినవి, తెర మీద ఉండవు. తేదీని ఇక్కడ వదిలేశాం.) మొదటి గుర్తు ఫైలు రకాన్ని చెబుతుంది. అడ్డగీత ఉంటే మామూలు ఫైలు, డి ఉంటే డైరెక్టరీ. తరవాతి మూడు స్థానాలు యజమానివి, ఆ తరవాతి మూడు సమూహానివి, చివరి మూడు ఇతరులవి. అడ్డగీత ఉన్నచోట ఆ అనుమతి లేదని అర్థం. పై వరుసలో యజమాని పేరు ‘లెక్కలు’, సమూహం ‘గుమాస్తాలు’, ఫైలు పేరు ‘పట్టీ’. యజమాని చదవవచ్చు, మార్చవచ్చు. మిగతావారు చదవడం వరకే. నడిపే అనుమతి యజమానితో సహా ఎవరికీ లేదు.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరపడే విషయం ఒకటుంది. వ్యవస్థ మూడు వర్గాలనూ కలిపి చూడదు. అడిగినవారు యజమాని అయితే యజమాని స్థానాలు మాత్రమే చూసి అక్కడే ఆగుతుంది. యజమాని కాకపోయి, సమూహంలో ఉంటే సమూహపు స్థానాలే చూస్తుంది. ఈ రెండూ కాకపోతేనే ఇతరుల స్థానాలకు వెళుతుంది. కాబట్టి ఇతరులకు చదివే అనుమతి ఉండి, యజమానికి లేకపోతే, తన ఫైలును తానే చదవలేని పరిస్థితి వస్తుంది. యజమాని గనక అనుమతిని మార్చుకుని బయటపడగలడు.

4. అంకెల్లో రాయడం, మార్చడం

చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని విలువలిచ్చారు. ఒక్కొక్క వర్గానికి ఉన్న అనుమతుల విలువలు కూడితే ఒక అంకె వస్తుంది.

7 = 4+2+1 : చదవడం, రాయడం, నడపడం
6 = 4+2 : చదవడం, రాయడం
5 = 4+1 : చదవడం, నడపడం
4 : చదవడం మాత్రమే
0 : ఏదీ లేదు

4, 2, 1లనే ఎందుకు తీసుకున్నారు? వీటిని ఏ విధంగా కూడినా ఒక మొత్తం ఒకే రకంగా వస్తుంది. 5 వచ్చిందంటే అది 4+1 మాత్రమే. అందువల్ల అంకె చూడగానే అనుమతులు తెలిసిపోతాయి. మూడు వర్గాలకు మూడు అంకెలు. పైన చూసిన ‘పట్టీ’ అనుమతి 644. సీహెచ్‌మోడ్ 750 పట్టీ అని ఇస్తే యజమానికి అన్నీ, సమూహానికి చదవడం, నడపడం, ఇతరులకు ఏమీ లేకుండా మారుతుంది.

అక్షరాలతోనూ మార్చవచ్చు. సీహెచ్‌మోడ్ తరవాత యు (యజమాని), జి (సమూహం), ఓ (ఇతరులు), ఏ (అందరూ) అనే అక్షరాల్లో కావలసింది రాసి, ఇవ్వాలంటే +, తీసేయాలంటే - పెట్టి, అనుమతి అక్షరం చేర్చాలి. ‘యు+ఎక్స్’ అంటే యజమానికి నడిపే అనుమతి ఇవ్వమని. అంకెలు తొమ్మిది స్థానాలనూ ఒకేసారి నిర్ణయిస్తాయి. అక్షరాలు చెప్పిన స్థానాన్నే మార్చి మిగతావాటిని ఉన్నట్టే ఉంచుతాయి.

కొత్తగా రాసిన స్క్రిప్టుకు నడిపే అనుమతి ఎందుకు ఉండదు? ఎడిటరు కొత్త పాఠ్య ఫైలును సృష్టించేటప్పుడు మామూలుగా 666 అడుగుతుంది. అందులోంచి ‘యుమాస్క్’ అనే అమరిక కొన్ని అనుమతులను తీసేస్తుంది. చాలా చోట్ల యుమాస్క్ 022 ఉంటుంది. అంటే సమూహానికీ ఇతరులకూ రాసే అనుమతి పోయి 644 మిగులుతుంది. 666లోనే నడిపే అనుమతి లేదు కాబట్టి ఫలితంలోనూ ఉండదు. నడపడానికి పనికివచ్చే ఫైలేదో మనమే చూసి చెప్పాలన్నది ఇందులోని ఉద్దేశం.

5. స్క్రిప్టు నడిచే తీరు

స్క్రిప్టు అంటే ఆదేశాలు వరుసగా రాసి పెట్టిన పాఠ్య ఫైలు. ప్రాసెసరు దాన్ని నేరుగా అర్థం చేసుకోలేదు. చదివి అమలు చేసే వ్యాఖ్యాత ప్రోగ్రాము ఒకటి కావాలి. బ్యాష్, పైథాన్ అలాంటివి. ఆ వ్యాఖ్యాత ఏదో స్క్రిప్టు మొదటి వరుసలో #! గుర్తుల తరవాత రాస్తారు. ఉదాహరణకు #!/బిన్/బ్యాష్. ఈ ఏర్పాటును 1980 ప్రాంతంలో డెనిస్ రిచీ ప్రవేశపెట్టాడు. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఏ తోక తగిలించినా యూనిక్స్ దాన్ని లెక్కచేయదు. నిర్ణయించేవి మొదటి వరుస, నడిపే అనుమతి. అందుకే మన స్క్రిప్టు పేరు ‘పట్టీ’ అని ఊరుకున్నా సరిపోయింది.

./పట్టీ అని ఇస్తే ఈ కింది పనులు వరుసగా జరుగుతాయి.

(1) ఫైలు దాకా వెళ్ళే దారిలోని ప్రతి డైరెక్టరీలోనూ మీకు ప్రవేశం ఉందా అని చూస్తుంది.
(2) ఫైలు మీద మీకు నడిపే అనుమతి ఉందా అని చూస్తుంది.
(3) మొదటి వరుస చదివి వ్యాఖ్యాతను మొదలుపెడుతుంది.
(4) వ్యాఖ్యాత మీ పేరు మీదే ఫైలును తెరిచి చదువుతుంది.

నాలుగో మెట్టు వల్ల ఒక ముఖ్య విషయం తేలుతుంది. స్క్రిప్టు నడవాలంటే నడిపే అనుమతితోపాటు చదివే అనుమతి కూడా కావాలి. యంత్ర భాషలోకి మార్చిన ప్రోగ్రాముకు నడిపే అనుమతి ఒక్కటే చాలు. ఇంకో రకంగా, బ్యాష్ పట్టీ అని ఇస్తే నడుస్తున్నది బ్యాష్. ‘పట్టీ’ దానికి చదువుకునే కాగితం మాత్రమే. కాబట్టి చదివే అనుమతి ఉంటే చాలు, నడిపే అనుమతి లేకపోయినా పని జరుగుతుంది.

ముందు ./ ఎందుకు? చుక్క అంటే ‘నేనున్న ఈ డైరెక్టరీ’. ఉత్త పేరు ఇస్తే షెల్ ‘పాత్’ అనే జాబితాలోని డైరెక్టరీల్లోనే వెతుకుతుంది. మనమున్న డైరెక్టరీ మామూలుగా ఆ జాబితాలో ఉండదు. పదిమంది రాసుకునే డైరెక్టరీలో ఎవరైనా ఎల్‌ఎస్ పేరుతో దొంగ స్క్రిప్టు పెడితే, తెలియక దాన్ని నడపకుండా ఇది కాపాడుతుంది.

స్క్రిప్టు నడవనప్పుడు తెర మీద వచ్చే మాటను జాగ్రత్తగా చదవండి.

• ‘కమాండ్ నాట్ ఫౌండ్’: పేరు తప్పయినా కావచ్చు, ./ మరిచిపోయి అయినా ఉండవచ్చు. అనుమతుల జోలికి పోకండి.
• ‘పర్మిషన్ డినైడ్’: నడిపే అనుమతి, చదివే అనుమతి, దారిలోని డైరెక్టరీలు వరుసగా చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే ఆ డిస్కు ‘నోఎక్సెక్’ అమరికతో తగిలించి ఉందేమో చూడండి. అలాంటి చోట ఎక్స్ ఉన్నా ఫైలు నేరుగా నడవదు.
• ఫైలు కళ్ళ ముందే ఉన్నా ‘నో సచ్ ఫైల్’ అని రావడం: మొదటి వరుసలో వ్యాఖ్యాత పేరు తప్పయి ఉంటుంది. విండోస్‌లో రాసి తెచ్చిన ఫైలయితే వరుస చివర కంటికి కనిపించని అదనపు గుర్తు ఒకటి చేరి ఆ పేరును చెడగొడుతుంది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న స్క్రిప్టుకు సీహెచ్‌మోడ్ ఇచ్చినా మార్పు కనిపించకపోవచ్చు. పెన్‌డ్రైవ్‌లలో సాధారణంగా ఉండే ఫ్యాట్ పద్ధతికి ఈ తొమ్మిది అనుమతులను దాచుకునే చోటే లేదు. స్క్రిప్టును మీ సొంత డైరెక్టరీలోకి నకలు తీసుకుని అక్కడ అనుమతి ఇవ్వండి.

6. 777 చేసిన పని

ఇప్పుడు దుకాణం సంగతి. 777 అంటే అందరికీ అన్నీ. గుమాస్తాలకు కావలసింది నడపడం, అందుకోసం చదవడం. నేను ఇప్పించినది వాటితోపాటు మార్చే అధికారం.

కొత్తగా చేరిన కుర్రవాడొకడు స్క్రిప్టు ఎలా పనిచేస్తుందో నేర్చుకుందామని తెరిచాడు. సంచి బరువు 1 కిలో అని ఉన్నచోట 2 వేసి, ఫలితం ఎలా మారుతుందో చూశాడు. మూసేటప్పుడు ఎడిటరు అడిగిన ప్రశ్నకు ‘సరే’ అన్నాడు. అందులో దురుద్దేశం లేదు. నేర్చుకోవాలన్న ఆసక్తే ఉంది. వ్యవస్థ కూడా అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పవద్దని మేమే చెప్పాం.

రెండు రోజులు పట్టీలన్నీ ఆ లెక్కతోనే వెళ్ళాయి. రెండో రోజు సాయంత్రం పర్చూరు వైపు రైతు ఒకాయన పట్టీ వెనక పెన్సిలుతో లెక్క వేసుకుని తిరిగి వచ్చాడు. ఆయనవి 30 టిక్కీలు, మొత్తం తూకం 1,260 కిలోలు, ధర క్వింటాకు 15,000 రూపాయలు. సంచికి కిలో చొప్పున తీసేస్తే 1,230 కిలోలకు 1,84,500 రావాలి. పట్టీలో 1,80,000 ఉంది. ‘నాలుగువేల అయిదొందలు నీ కంప్యూటరు తినేసిందా ఏందయ్యా?’ అని అడిగాడట. మా విద్యార్థి స్క్రిప్టు తెరిచి చూసి తల పట్టుకున్నాడు. రెండు రోజుల పట్టీలన్నీ మళ్ళీ వేసి, ఒక్కొక్క రైతుకూ ఫోను చేసి, తేడా సొమ్ము చెల్లించారు. ఆ రాత్రి అతను ఫోను చేసినప్పుడు తప్పు కుర్రవాడిది కాదని, సలహా ఇచ్చిన నాదేనని చెప్పాను.

ఆ మొదటి రోజు ఇవ్వవలసిన సమాధానం ఏమిటి? ‘గుమాస్తాలు’ అని ఒక సమూహం ఏర్పాటు చేసి, ఫైలును ఆ సమూహానికి చెందేటట్టు సీహెచ్‌జీఆర్‌పీ ఆదేశంతో మార్చి, 750 ఇవ్వడం. మూడు నిమిషాల పని. నేను ఆదా చేసింది ఆ మూడు నిమిషాలే.

7. డైరెక్టరీ అనుమతులు

మర్నాడు 750 ఇచ్చాం. పని అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఎందుకంటే ఆ డైరెక్టరీకి కూడా 777 ఉంది.

డైరెక్టరీ విషయంలో ఈ మూడు అక్షరాలకు అర్థం వేరు. ఆర్ ఉంటే లోపలి పేర్ల జాబితా చూడవచ్చు. ఎక్స్ ఉంటే లోపలికి వెళ్ళవచ్చు, దాని గుండా కింది ఫైళ్ళను చేరవచ్చు. డబ్ల్యు ఉంటే, ఎక్స్ తోడుగా, కొత్త ఫైళ్ళు పెట్టవచ్చు, ఉన్నవాటి పేర్లు మార్చవచ్చు, తొలగించవచ్చు. ఒక ఫైలును తొలగించడానికి ఆ ఫైలు మీద రాసే అనుమతి అక్కరలేదు. అది ఉన్న డైరెక్టరీ మీద ఉంటే చాలు. అంటే ‘పట్టీ’కి ఎంత గట్టి అనుమతి పెట్టినా, దాన్ని తీసేసి అదే పేరుతో మరో ఫైలు పెట్టే దారి తెరిచే ఉంది. ఇంటి తలుపుకు తాళం వేసి, పెరటి గోడ కట్టకపోవడం లాంటిది ఇది.

కాబట్టి స్క్రిప్టు ఉన్న డైరెక్టరీకీ 750 ఇచ్చాం. తయారైన పట్టీలను దాచే డైరెక్టరీ వేరుగా పెట్టాం. అక్కడ గుమాస్తాలు రాయవలసి ఉంది కాబట్టి 770. కానీ ఒకరి పట్టీని మరొకరు తొలగించకూడదు. దీనికి ‘స్టికీ బిట్’ అనే అదనపు గుర్తు ఉంది. అంకెల్లో ముందు 1 చేర్చి 1770 అని రాస్తాం. అప్పుడు ఒక ఫైలును దాని యజమాని, లేదా ఆ డైరెక్టరీ యజమాని, లేదా నిర్వాహకుడు మాత్రమే తొలగించగలరు. అందరూ వాడుకునే /టీఎంపీ డైరెక్టరీకి 1777 ఉండడానికి కారణం ఇదే.

8. అరువు అధికారం

మీ రహస్యపదాన్ని మీరు మార్చుకోవాలంటే, మీకు రాసే అనుమతి లేని ఫైలులో మార్పు జరగాలి. ఇది సాధ్యమయ్యేది ‘సెట్‌యుఐడీ’ అనే గుర్తు వల్ల. ఇది ఉన్న ప్రోగ్రాము నడిపినవారి అధికారంతో కాక, తన యజమాని అధికారంతో నడుస్తుంది. డెనిస్ రిచీ దీనికి 1973లో పేటెంటు కోరాడు, 1979లో వచ్చింది. తరవాత దాన్ని అందరి వాడుకకూ వదిలేశారు. స్క్రిప్టుల మీద ఈ గుర్తు పెట్టినా లైనక్స్ పట్టించుకోదు. వ్యాఖ్యాత మొదలయ్యే క్షణానికీ ఫైలును తెరిచే క్షణానికీ మధ్య ఫైలును మార్చివేసే అవకాశం ఉండడం దీనికి ఒక కారణం.

నిర్వాహకుడైన ‘రూట్’ చదవడానికీ రాయడానికీ ఈ అనుమతులు అడ్డురావు. కానీ నడపడానికి మాత్రం తొమ్మిదింటిలో ఒక్క ఎక్స్ అయినా ఉండాలి. లేకపోతే రూట్‌కు కూడా ‘పర్మిషన్ డినైడ్’ అనే వస్తుంది.

9. సారాంశం

ప్రతి ఫైలుకూ యజమాని, సమూహం, ఇతరులు అనే మూడు వర్గాలు. చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులు ఉంటాయి. స్క్రిప్టు నడవడానికి నడిపే, చదివే అనుమతులు రెండూ, దారి పొడవునా ప్రవేశం, సరయిన మొదటి వరుస కావాలి. పనికి ఎంత కావాలో అంతే అనుమతి ఇవ్వడం మంచి పద్ధతి. ఫైలుతోపాటు డైరెక్టరీనీ చూడాలి. అయితే అనుమతులు ఎవరు మార్చవచ్చో చెబుతాయి కాని, రాసిన లెక్క సరయినదో కాదో చెప్పవు. దానికి పట్టీ వెనక పెన్సిలు లెక్క ఎప్పటికీ అవసరమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 640 అనుమతి గల ఫైలును సమూహంలోని సభ్యులు ఏం చేయగలరు?
2. యజమానికి నడిపే అనుమతి మాత్రమే ఉండి, చదివే అనుమతి లేకపోతే అతని స్క్రిప్టు ./ తో నడుస్తుందా?
3. ఫైలుకు 444, అది ఉన్న డైరెక్టరీకి 777 ఉంది. స్టికీ బిట్ లేదు. ఇతరులు ఆ ఫైలును తొలగించగలరా?

సమాధానాలు

1. చదవగలరు. మార్చలేరు, ./ తో నడపలేరు.
2. నడవదు. వ్యాఖ్యాత ఫైలును తెరిచి చదవలేదు.
3. తొలగించగలరు. తొలగింపును నిర్ణయించేది డైరెక్టరీ అనుమతి.

అభ్యాసం: మీ అధ్యయన కేంద్రంలోని కంప్యూటరులో గాని, ఇంట్లో గాని, మీ ఊరి పంట ధరకు సంబంధించిన చిన్న లెక్క స్క్రిప్టు ఒకటి రాయండి. మొదట 644తో, తరవాత 700, 750లతో మీ పేరు మీదా, మరొక వాడుకరి పేరు మీదా నడిపి, ఏ సందర్భంలో ఏ సందేశం వచ్చిందో పట్టికగా రాయండి. 777 ఇవ్వవలసిన అవసరం ఎక్కడైనా వచ్చిందా అన్నది కూడా రాయండి.